మూడో అంతస్తు, లిఫ్ట్ లేదు: ఏ స్ట్రోలర్ కొనమంటారు?

అందరికీ నమస్తే. మా పాపకి ఐదో నెల. మెడ నిలబడింది, ఇంకా కూర్చోదు. కాబట్టి వీపు పూర్తిగా వెనక్కి వాలేదే కావాలి. ఉండేది సికింద్రాబాద్‌లో, మూడో అంతస్తు, లిఫ్ట్ లేదు. పాపని చంకనేసుకుని ఒంటిచేత్తో బండి మోయాలి. మెట్రోలో అమీర్‌పేటలో మారి మియాపూర్‌లో అమ్మ వాళ్లింటికి వెళ్తుంటాం, ఠక్కున మడతపడాలి కూడా.

మొన్న వదిన వాళ్ల తేలికపాటి బండి తీసుకెళ్తే, సందు మలుపులో మ్యాన్‌హోల్ మూత అంచుకి ముందు చక్రం ఇరుక్కుని బండి ముందుకి ఒరిగింది. బెల్టు పెట్టాను కాబట్టి పాపకేం కాలేదు. నాకు మాత్రం ఆ దడ ఇంకా తగ్గలేదు. పెద్ద చక్రాలవి చూస్తే 10 కిలోల పైమాటే. బడ్జెట్ 12 వేలు. ఇలాంటి రోడ్ల మీద ఏడాదైనా వాడినవాళ్లు ఏది కొన్నారో, చక్రాలు ఎలా నిలిచాయో చెప్పరా?