పోచంపల్లి చీరలు ఆన్‌లైన్‌లో అమ్ముతున్నాం. ఏజెన్సీ చెప్పే పద్ధతులకు ఒప్పుకోవచ్చా?

ప్రశ్న: మగ్గంఇల్లు

నమస్కారం. మాది యాదాద్రి భువనగిరి జిల్లాలో, పోచంపల్లి దగ్గరి నేత కుటుంబం. మా మామగారు, మా ఆయన మగ్గం మీద కూర్చుంటారు. చిటికి కట్టడం (రంగు పట్టించే ముందు డిజైను ప్రకారం నూలును కట్టడం), అమ్మకం నేను చూసుకుంటాను. నేసిన చీరలు చాలావరకు ఇప్పటికీ మాస్టర్ వీవరుకే (నూలు ఇచ్చి కూలికి నేయించుకునే వ్యాపారికే) ఇస్తున్నా, కొన్నింటిని వాట్సాప్, ఇన్‌స్టాగ్రామ్‌ల ద్వారా నేరుగా అమ్మడం మొదలుపెట్టాం. చూసినవాళ్లు మెచ్చుకుంటున్నారు గానీ, ధర చెప్పగానే "అచ్చం ఇలాంటిదే వేరేచోట ఎనిమిది వందలకు వస్తోంది" అని ఆగిపోతున్నారు. ఆ ఎనిమిది వందల చీర నేసిన ఇక్కత్ కాదు, ఇక్కత్ డిజైను అచ్చువేసిన బట్ట. ఆ సంగతి ఒక్కొక్కరికీ ఫోనులో వివరించే తీరిక మాకు లేదు.

ఇంతలో ఒక మార్కెటింగ్ ఏజెన్సీవారు నెలకింత అని తీసుకుని ఫాలోవర్లను పెంచుతామని, గూగుల్‌లో అయిదు నక్షత్రాల రివ్యూలు రాయిస్తామని, ప్రతి చీర కింద "రెండు గంటల్లో ఆఫర్ ముగుస్తుంది" అని గడియారం పెడతామని, తమ దగ్గరున్న ఫోన్ నంబర్లన్నిటికీ సందేశాలు పంపుతామని చెబుతున్నారు. అందరూ చేస్తున్నదే కదా అని వారి వాదన. మా మామగారికి ఇది ససేమిరా నచ్చడం లేదు. నాకేమో వద్దంటే వెనకబడిపోతామేమోనని భయం. వీటిలో ఏది చేయవచ్చు, ఏది కూడదు, కూడనిదానికి బదులు ఏం చేయాలి?

జవాబు: నిజాంఅంచు (మంగళగిరి)

మీ మామగారి మాటే నా మాట కూడానండి, అయితే నా కారణం వ్యాపారానికి సంబంధించినది. ఏజెన్సీ చెప్పిన నాలుగు పనులూ అచ్చు చీర అమ్మేవాడు కూడా చేయగలడు, పైగా మీకంటే ఎక్కువ డబ్బు పోసి చేయగలడు. అతను చేయలేనిది ఒక్కటే ఉంది, తన బట్టను తిరగేసి చూపించడం. ఇక్కత్‌లో నూలుకు ముందే రంగు పట్టించి తరువాత నేస్తారు కాబట్టి డిజైను రెండు వైపులా ఒకేలా కనిపిస్తుంది, పువ్వు అంచులు కొద్దిగా చెదిరినట్టు ఉంటాయి. అచ్చు వేసిన బట్టలో సాధారణంగా వెనకవైపు రంగు వెలిసినట్టు ఉంటుంది, గీత కత్తిరించినట్టు ఉంటుంది. ఈ తేడాను ఒక నిమిషం వీడియోగా తీసి, మీ ఖాతాలో అన్నిటికంటే పైన నిలిపి ఉంచండి. ధర గురించి ఎవరు అడిగినా ముందు ఆ వీడియో పంపండి. మీరు ఫోనులో పదేపదే చెబుతున్న మాటంతా అదే చెబుతుంది.

ధర విషయంలో ఇంకొక అడుగు ముందుకు వేయవచ్చు. పడుగుకు (నిలువు దారాలకు) ఎంత, పేకకు (అడ్డం దారాలకు) ఎంత, రంగులకు ఎంత, కూలి ఎంత, ఎన్ని రోజుల పని అన్నది చీర ఫోటో కిందే రాయండి. అసలు ధరను ముందు పెంచి, ఆ తరువాత "సగం తగ్గింపు" అని కొట్టివేసి చూపించే అలవాటు మాత్రం వద్దు. తగ్గింపు చూసి వచ్చినవారు తగ్గింపు లేనినాడు రారు.

గడియారం సంగతికి వస్తే, నిజానికి మీకు దాని అవసరమే లేదు. ఒక రంగులో ఒకే చీర ఉన్నప్పుడు "ఇది ఒక్కటే ఉంది" అని రాయడం అబద్ధం కాదు. అది అమ్ముడుపోగానే ఆ ఫోటో మీద అమ్ముడైందని రాయండి, తీసేయకండి. ఆ మాట నిజమని చూసేవారికి అలా తెలుస్తుంది.

సందేశాలకు వాట్సాప్ బిజినెస్ యాప్‌లోని కేటలాగు, బ్రాడ్‌కాస్ట్ జాబితా (ఒకే సందేశాన్ని చాలామందికి విడివిడిగా పంపే జాబితా) చాలు. ఒక్కో జాబితాలో 256 మంది వరకు చేర్చవచ్చు, మీ నంబరును తమ ఫోనులో దాచుకున్నవారికే ఆ సందేశం అందుతుంది. చాలామంది దీన్ని ఇబ్బంది అనుకుంటారు గానీ, మిమ్మల్ని ఇష్టపడి నంబరు దాచుకున్నవారు కొద్దిమంది ఉన్నా, ఊరూపేరూ తెలియని వేలమంది కంటే వారే మేలు.

జవాబు: వినియోగదారుపక్షం

పై జవాబుతో ఏకీభవిస్తూ, చట్టం వైపు చెబుతాను. కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ 2023 నవంబరు 30న డార్క్ ప్యాటర్న్‌ల మీద మార్గదర్శకాలు వెలువరించింది. కొనేవారిని మభ్యపెట్టే 13 రకాల పద్ధతులను అందులో పేర్కొన్నారు, వాటిలో మొదటిదే లేని తొందరను కల్పించడం. అవి పెద్ద వేదికలకే కాదు, ప్రకటనదారులకూ విక్రేతలకూ వర్తిస్తాయి. కాబట్టి గడియారం సున్నాకు చేరినా అదే ధర కొనసాగితే, అది మార్కెటింగ్ మెలకువ కాదు, నిషిద్ధమైన పని. తప్పుదోవ పట్టించే ప్రకటనకు 2019 వినియోగదారుల రక్షణ చట్టం కింద పది లక్షల రూపాయల వరకు, మళ్లీ చేస్తే యాభై లక్షల వరకు జరిమానా విధించే అధికారం ఆ సంస్థకు ఉంది.

రాయించిన రివ్యూలను గూగుల్ తన విధానాల ప్రకారం తొలగించగలదు. రివ్యూ రాస్తే తగ్గింపు ఇస్తామనడం, తృప్తిపడినవారిని మాత్రమే ఏరి అడగడం కూడా ఆ విధానాలకు విరుద్ధమే, ఈ రెండో సంగతి చాలామంది దుకాణదారులకు తెలియదు. రేపు మీరు ఏదైనా మార్కెట్‌ప్లేస్‌లో విక్రేతగా చేరితే, వినియోగదారుగా నటించి రివ్యూ రాయడాన్ని 2020 నాటి ఈ-కామర్స్ నియమాలు నేరుగా నిషేధిస్తున్నాయని గుర్తుంచుకోండి. కొన్న నంబర్ల జాబితా అంతకంటే ప్రమాదకరం. అనుమతి లేని సందేశాలను ఎక్కువమంది బ్లాక్ చేసి ఫిర్యాదు చేస్తే వాట్సాప్ మీ నంబరునే నిలిపివేయవచ్చు, అప్పుడు పాత కొనుగోలుదారులు కూడా మీకు దూరమవుతారు.

మీ చేతిలో ఉన్న ఒక బలాన్ని మీరు వాడుతున్నట్టు లేదు. పోచంపల్లి ఇక్కత్‌కు భౌగోళిక గుర్తింపు ఉంది. 1999 నాటి భౌగోళిక గుర్తింపు చట్టం ప్రకారం నేతకారులు అధీకృత వినియోగదారులుగా (ఆ పేరును వాడుకునే హక్కున్నవారిగా) నమోదు చేసుకోవచ్చు, మీ సహకార సంఘంలో అడిగి చూడండి. అచ్చు బట్టను ఆ పేరుతో అమ్మేవారికి అదే చట్టంలో ఆరు నెలల నుంచి మూడేళ్ల వరకు జైలు, యాభై వేల నుంచి రెండు లక్షల వరకు జరిమానా ఉన్నాయి. చేనేతకు హ్యాండ్‌లూమ్ మార్క్, స్వచ్ఛమైన పట్టుకు సిల్క్ మార్క్ లేబుళ్లు కూడా ఉన్నాయి. ఆ లేబులు ఉన్న చీరకే దాన్ని చూపించండి, మిగిలినవాటికి అంటించినట్టు భ్రమ కలిగించకండి.

జవాబు: బెజవాడబొటీక్

ఇద్దరూ చెప్పింది సరైనదే, కానీ ఆచరణలో ఒక చిక్కు ఉంది. మొత్తం రెండు వందల మంది ఫాలోవర్లున్న ఖాతాకు ముందుగా డబ్బు పంపడానికి కొత్తవారు జంకుతారు, ఆ భయం న్యాయమైనదే. అయినా కొన్న ఫాలోవర్లు దీనికి మందు కాదు. వాళ్లు చీర కొనరు, ప్రశ్న అడగరు, పోస్టుకు స్పందించరు. స్పందన లేని ఖాతాను ఇన్‌స్టాగ్రామ్ కూడా ఎక్కువమందికి చూపించదు.

ప్రకటనలకు డబ్బు ఖర్చు పెట్టడంలో మాత్రం తప్పేమీ లేదు, చేనేతవారు అనవసరంగా దానికి వెనుకాడుతున్నారనిపిస్తుంది. డబ్బు ఖర్చు లేకుండా ఇప్పటికే ఎక్కువ ప్రశ్నలు తెచ్చిన పోస్టు ఏదో చూసి, దానికే చిన్న మొత్తం పెట్టి హైదరాబాద్, బెంగళూరు వంటి ఒకటి రెండు నగరాలకు పరిమితం చేయండి. ఎంతమంది మెచ్చారని కాక, ఎంతమంది ధర అడిగారు, వారిలో ఎంతమంది కొన్నారు అన్నదే పుస్తకంలో రాసుకోండి. ఏజెన్సీ కావాలనుకుంటే ఈ లెక్క చూపించేవారినే పెట్టుకోండి.

జవాబు: డాలస్‌చీరలపెట్టె

కొనేవైపు నుంచి ఒక మాట. ఇక్కడ మా స్నేహితులం చాలామందిమి ఇన్‌స్టాగ్రామ్ చూసే చీరలు తెప్పించుకుంటాం. మమ్మల్ని ఆపేది ధర కాదు, రంగు. స్టూడియో వెలుతురులో మెరిసిన మెరూన్ పెట్టె విప్పగానే ఇటుక రంగులో కనిపిస్తే, ఆ ఖాతాను మళ్లీ తెరవం. పగటి వెలుతురులో, ఫిల్టరు లేకుండా తీసిన ఒక్క ఫోటో చేర్చండి. కొంగులో ఎక్కడైనా నూలు ముడి పడితే దాన్నీ చూపించండి, చేనేతలో అది ఉంటుందని మాకు తెలుసు. పండక్కి అందదని తెలిస్తే ముందే చెప్పేయండి. వాపసు తీసుకుంటారా, కొరియరు ఖర్చు ఎవరిది అన్నది డబ్బు పంపాక కాక ముందే రాసి ఉంటే, నాలాంటివారు అడిగే ప్రశ్నలు సగం తగ్గుతాయి.

మగ్గంఇల్లు

అందరికీ కృతజ్ఞతలు. ఏజెన్సీకి వద్దని చెప్పేశాం, తిరగేసి చూపించే వీడియో ఈ ఆదివారం తీస్తున్నాం. ఒక్క సందేహం మిగిలింది. యూట్యూబ్‌లో చీరల వీడియోలు చేసే ఒక అమ్మాయి, డబ్బు వద్దు, ఒక చీర ఉచితంగా ఇస్తే చూపిస్తానంటోంది. ఇది కూడా ప్రకటన కిందికే వస్తుందా?

జవాబు: వినియోగదారుపక్షం

వస్తుందండి. ఉచితంగా ఇచ్చిన వస్తువు కూడా ప్రతిఫలమేనని, ఆ సంబంధాన్ని చూసేవారికి స్పష్టంగా తెలపాలని 2023 జనవరిలో వినియోగదారుల వ్యవహారాల శాఖ ఇచ్చిన సూచనలు చెబుతున్నాయి. ఏ భాషలో మెచ్చుకుంటే ఆ భాషలోనే చెప్పాలన్నది కూడా అందులో ఉంది. కాబట్టి తెలుగు వీడియోలో "ఈ చీరను నేతకారులు నాకు ఉచితంగా ఇచ్చారు" అని తెలుగులోనే, మొదట్లోనే, వినిపించేలా చెప్పమనండి. వివరణలోని హ్యాష్‌ట్యాగుల గుంపులో కలిపేస్తే సరిపోదు. ఏమి మెచ్చుకోవాలో మీరు రాసి ఇవ్వకండి, ఆమె అభిప్రాయం ఆమెదే కావాలి. వీలైతే మీ ఇంటికే పిలిచి, మగ్గం దగ్గర చిత్రీకరించమనండి. వీడియో కింద మీ వాట్సాప్ కేటలాగు లింకు పెట్టించి, దాన్ని చూసి వచ్చినవారెందరో విడిగా రాసుకుంటే, రెండో చీర ఇవ్వాలో వద్దో మీరే తేల్చుకోవచ్చు.