సర్టిఫికేషన్ పరీక్షకు మళ్లీ వెళ్లే ముందు బోర్డును ఎలా సరిచూసుకోవాలి?

నమస్కారం. కుషాయిగూడలో చిన్న గది అద్దెకు తీసుకుని, అపార్టుమెంట్ల నీటి మీటర్ల రీడింగులను ఈథర్‌నెట్ ద్వారా పంపే పరికరం తయారు చేస్తున్నాను. సిస్పర్ 32 క్లాస్ బి (ఇళ్లలో వాడే ఎలక్ట్రానిక్ పరికరాల నుంచి వెలువడే రేడియో తరంగాలకు పరిమితి పెట్టే ప్రమాణం) పరీక్షలో 125 మెగాహెర్ట్జ్ దగ్గర పరిమితి దాటింది. బోర్డు మీద 25 మెగాహెర్ట్జ్ క్రిస్టల్ ఉంది, దాని అయిదో హార్మోనిక్ (అయిదు రెట్ల పౌనఃపున్యం) సరిగ్గా అదే. కానీ బయటికి ప్రసరింపజేస్తున్నది బోర్డా, యాంటెన్నాలా మారిన కేబులా?

కోయాక్సియల్ కేబుల్ ముక్కను ఉంగరంలా వంచి, అరువు తెచ్చుకున్న స్పెక్ట్రమ్ ఎనలైజర్‌కు (ఏ పౌనఃపున్యంలో ఎంత సంకేతం ఉందో చూపే పరికరానికి) కలిపి వెతికాను. క్రిస్టల్ పక్కన సంకేతం బలంగా ఉంది. అయితే అంత దగ్గరి కొలతను 10 మీటర్ల దూరంలో కొలిచే పరిమితితో పోల్చలేం కదా! కేబుల్‌కు కరెంట్ ప్రోబ్ (కేబుల్ చుట్టూ తగిలించి అందులోని కరెంటును కొలిచే సాధనం) పెట్టి కొలిస్తే, 125 మెగాహెర్ట్జ్ దగ్గర కరెంటు ఎన్ని మైక్రోఆంపియర్ల లోపు ఉంటే ధైర్యంగా వెళ్లవచ్చు? అటువంటి ప్రోబ్ హైదరాబాద్‌లో రోజు అద్దెకు ఎక్కడైనా దొరుకుతుందా? ఈసారి తప్పకుండా నెగ్గాలి, దయచేసి అనుభవజ్ఞులు చెప్పండి.