ఉద్యోగం మానేస్తున్నా, ఇంట్లోవాళ్ల హెల్త్ ఇన్సూరెన్స్ సంగతేంటి?

కూకట్‌పల్లి కోడర్:
హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. రిజైన్ చేసి ఫ్రెండ్‌తో సొంత పని మొదలుపెడుతున్నా. లాస్ట్ వర్కింగ్ డేకి ఇంకా నెల పైనే ఉంది. కంపెనీ 5 లక్షల గ్రూప్ పాలసీలో నేను, మా ఆవిడ, అమ్మ, నాన్న ఉన్నాం. అమ్మకు 58, చాలా ఏళ్లుగా షుగర్. నాన్నకు 71. నలుగురికీ విడిగా 20 లక్షల సూపర్ టాపప్ కూడా తీసుకున్నా, డిడక్టిబుల్ 5 లక్షలు, అంటే బిల్లులు 5 లక్షలు దాటాకే అది కడుతుంది. అది ఉంది కదా, వేరే పాలసీ మెల్లగా చూసుకోవచ్చా?

నిజాంపేట బాబాయ్:
మెల్లగా కుదరదు తమ్ముడూ. చాలా కంపెనీల్లో గ్రూప్ పాలసీ లాస్ట్ వర్కింగ్ డేతోనే ఆగిపోతుంది. ఆ తర్వాత ఆస్పత్రి బిల్లు 4 లక్షలైతే నీ టాపప్ ఒక్క రూపాయి ఇవ్వదు. 7 లక్షలైతే 5 నీ జేబులోంచి పోతాయి, మిగతా 2 అది కడుతుంది. కింద ఆ మొదటి 5 లక్షలు కట్టే బేస్ పాలసీ ఉంటేనే టాపప్‌కి అర్థం.

అసలు సమస్య అమ్మగారి షుగర్. గ్రూప్ పాలసీల్లో సాధారణంగా పాత జబ్బులకు మొదటి రోజు నుంచే కవర్ ఉంటుంది. బయట కొత్తది కొంటే వెయిటింగ్ పీరియడ్ పడుతుంది, అంటే అన్నాళ్లు పాత జబ్బుకు క్లెయిమ్ ఇవ్వరు. బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ 2024 నిబంధనల ప్రకారం అది గరిష్ఠంగా మూడేళ్లు. గ్రూప్‌లో ఉండగానే అదే ఇన్సూరెన్స్ కంపెనీ వ్యక్తిగత పాలసీకి మారడాన్ని మైగ్రేషన్ అంటారు. అలా మారితే గ్రూప్‌లో గడిచిన ఏళ్లు వెయిటింగ్ లెక్కలో కలుస్తాయి. ఈ లాభం పాత 5 లక్షల వరకే. 10 లక్షలకు పెంచుకుంటే పైన పెంచిన 5 లక్షలకు వెయిటింగ్ మళ్లీ మొదలవుతుంది.

ఇంతా చేసి పాలసీ ఇవ్వడం, ప్రీమియం ఎంత అనేది ఇన్సూరెన్స్ కంపెనీ అండర్‌రైటింగ్ (ఆరోగ్యం, వయసు చూసి రిస్క్ లెక్కేయడం) చేతిలో ఉంటుంది. మెడికల్ టెస్టులు అడిగితే రోజులు పడతాయి. కాబట్టి ఈ వారమే హెచ్ఆర్‌ని కదిలించు. పాలసీ నంబరు, ఎవరు ఏ తేదీ నుంచి కవర్‌లో ఉన్నారో మెయిల్లో తెప్పించుకుని సొంత మెయిల్‌కి పంపుకో, ఆఫీస్ మెయిల్ చివరి రోజే మూసేస్తారు. పెండింగ్ క్లెయిములుంటే ఆలోపే పెట్టేయ్. ల్యాప్‌టాప్, ఐడీ కార్డు తిరిగివ్వమని గుర్తుచేసే హెచ్ఆర్ వాళ్లు ఇది మాత్రం చెప్పరు!

కూకట్‌పల్లి కోడర్:
థాంక్స్ బాబాయ్ గారూ. ఒక ఏజెంట్ మాత్రం ఫామ్‌లో షుగర్ రాయొద్దు, ప్రీమియం పెరుగుతుంది అంటున్నాడు.

నిజాంపేట బాబాయ్:
ఆ ఏజెంట్‌ని వదిలేయ్. కమీషన్ ఆయనది, రేపు క్లెయిమ్ రిజెక్ట్ అయితే బాధ నీది. ఐదేళ్లు ఆపకుండా కడితే ఇక జబ్బు సంగతి చెప్పలేదన్న కారణంతో క్లెయిమ్ ఆపకూడదనే రూల్ ఉంది కానీ, మోసానికి అది వర్తించదు. తెలిసి దాచడాన్ని మోసమనే అంటారు.

మెదక్ అక్క:
నాన్నగారికి 70 దాటాయి కాబట్టి కేంద్ర ప్రభుత్వ ఆరోగ్య పథకం ఆయుష్మాన్ వయో వందన కార్డు తీసుకోండి. ఆదాయంతో పనిలేదు, ఏటా 5 లక్షల కవర్, ఆధార్‌లో వయసు ఉంటే చాలు. జాబితాలోని ఆస్పత్రుల్లోనే చెల్లుతుంది. మీరు వెళ్లే ఆస్పత్రి అందులో ఉందో లేదో ముందే చూసుకోండి. దీన్ని నమ్ముకుని ప్రైవేటు పాలసీ మానేయకండి. ఆ కంపెనీలో ఎన్నేళ్లయింది మీకు?

కూకట్‌పల్లి కోడర్:
లాస్ట్ డేకి 4 ఏళ్ల 10 నెలలు అవుతుంది అక్కా.

మెదక్ అక్క:
అయ్యో, గ్రాట్యుటీ (ఎక్కువ ఏళ్లు పనిచేసి మానేసేటప్పుడు కంపెనీ ఇచ్చే సొమ్ము) గడప దగ్గరే ఉన్నారు! మామూలు లెక్కకు ఐదేళ్లు కావాలి. ఐదో ఏడాదిలో 240 రోజులు పనిచేస్తే చాలని మద్రాస్ హైకోర్టు తీర్పు ఉంది, అయినా కొన్ని కంపెనీలు ఒప్పుకోవు. గ్రాట్యుటీకి లెక్కలోకొచ్చే నెల జీతం 40,000 అనుకుంటే, 15/26 లెక్కన (నెలకు 26 పనిరోజులుగా, ఏడాదికి 15 రోజుల జీతం) ఐదేళ్లకు లక్షా 15 వేల పైనే. రెండు నెలలు పొడిగించమని అడగండి. గ్రూప్ కవర్ కూడా అన్నాళ్లు ఉంటుంది.

పీఎఫ్ మాత్రం తీయకండి. ఐదేళ్ల సర్వీసు నిండకుండా తీస్తే పన్ను పడుతుంది. ఎగ్జిట్ డేట్ (ఉద్యోగం మానేసిన తేదీ) కంపెనీ వేయకపోతే, చివరి కాంట్రిబ్యూషన్ నుంచి రెండు నెలలయ్యాక మీరే పీఎఫ్ పోర్టల్‌లో వేసుకోవచ్చు.

కూకట్‌పల్లి కోడర్:
మేనేజర్‌ని అడిగా, రెండు నెలలకు సరే అన్నారు. మైగ్రేషన్ ఫామ్ కూడా పంపమన్నా.

నిజాంపేట బాబాయ్:
సరే అన్న మాట చాలదు తమ్ముడూ, కొత్త తేదీతో హెచ్ఆర్ నుంచి మెయిల్ వచ్చేలా చూసుకో.