టీచరే పిల్లవాణ్ని కించపరిస్తే: బడి మార్చాలా, ఫిర్యాదు రాసి ఇవ్వాలా?

విజయవాడ నుంచి ఒక అమ్మ:
మా బాబుకు ఎనిమిదేళ్లు, ఆటిజం ఉంది. మాటలు తక్కువ. విన్న మాటను విన్నట్టే తిరిగి అంటాడు. పోయిన వారం బొమ్మ కార్లు వరసగా పేర్చి, ఒకదాన్ని గోడ వైపు తిప్పి, "మొద్దు! బయట కూర్చో" అన్నాడు. అచ్చం వాళ్ల టీచరు గొంతే. బడిలో ఆయాను అడిగాను. గంట మోగితే చెవులు మూసుకుని అరుస్తున్నాడని రోజూ చెప్పులు విడిచేచోట కూర్చోబెడుతున్నారట. ఫిర్యాదు చేస్తే పగబడతారు, బడి మార్చేద్దాం అంటున్నారు మావారు. మీరైతే ఏం చేస్తారు?

విశ్రాంత ఉపాధ్యాయుడు:
అమ్మా, ముందు ఆ టీచరుతో నెమ్మదిగా మాట్లాడి చూడండి. నలభై మందిలో ఒకడు అరిస్తే పాఠం ఆగిపోతుంది. ఇలాంటి పిల్లలతో ఎలా మెలగాలో మా కాలంలో మాకెవరూ నేర్పలేదు. కాగితం మీద పెట్టారంటే ఆవిడ బాబును దగ్గరకు తీయడానికే జంకుతుంది.

వరంగల్ నుంచి, పదో తరగతి అమ్మాయి తల్లిని:
మాస్టారూ, మీ మీద గౌరవంతోనే అంటున్నాను. గంట కొట్టే ముందు వాడికి ఒక మాట చెప్పి ఉంచాలని తెలియకపోవచ్చు. పసివాణ్ని "మొద్దు" అనకూడదని తెలియడానికి ఏ శిక్షణ కావాలి? మా పాపకు మేధో వైకల్యం. రెండో తరగతిలో ఇలాగే జరిగితే నోరు మూసుకుని బడి మార్చాను. మరుసటి ఏడాది అదే టీచరు తరగతిలో చదివే ఇంకో బాబు తల్లి బస్టాండులో కనిపించి, నా చెయ్యి పట్టుకుని ఏడ్చింది. నేను ఆ రోజే రాసి ఇచ్చి ఉంటే అని ఇప్పటికీ అనిపిస్తుంది.

అమ్మా, రాసి ఇవ్వండి. బాబు ఏమన్నాడు, ఏ తేదీన అన్నాడు, అంతే. ఆయా పేరు మాత్రం రాయకండి, ఆమె ఉద్యోగం పోతుంది. మీ ప్రతి మీద అందినట్టు సంతకం, ముద్ర వేయించుకోండి. కొట్టడాన్నే కాదు, మానసిక వేధింపునూ 2009 విద్యాహక్కు చట్టం 17వ సెక్షన్ నిషేధించింది. ప్రాథమిక విద్య, అంటే ఎనిమిదో తరగతి, పూర్తయ్యేదాకా పిల్లవాణ్ని బడి నుంచి తీసేయకూడదన్నదీ ఆ చట్టమే. హెడ్మాస్టరు కదలకపోతే మండల విద్యాధికారి ఉన్నారు, పిల్లల హెల్ప్‌లైన్ 1098 ఉంది, రాష్ట్ర బాలల హక్కుల కమిషన్ ఉంది. వైకల్యం ఉన్నవారిని నలుగురిలో కావాలని అవమానిస్తే 2016 వికలాంగుల హక్కుల చట్టం 92వ సెక్షన్ కింద 6 నెలల నుంచి 5 ఏళ్ల దాకా జైలు.

విశ్రాంత ఉపాధ్యాయుడు:
ఆ మాట అనడం తప్పే, దాన్ని సమర్థించను. రాసి ఇవ్వండి, కానీ జైలు మాటతో మొదలుపెట్టకండి. మీ మండలంలో ప్రత్యేక అవసరాలున్న పిల్లల కోసం నడిపే భవిత కేంద్రం ఉంటే అక్కడి టీచరును వెంట తీసుకెళ్లండి. బాబును ఎక్కడ కూర్చోబెట్టాలో, గంటకు ఎలా అలవాటు చేయాలో బాబు క్లాసు టీచరుకు వివరంగా చెప్పగలరు.

విజయవాడ నుంచి ఒక అమ్మ:
ఉత్తరం రాశాం. "మొద్దు" అన్న మాట దగ్గర నాకు చెయ్యి ఆడలేదు, మావారే రాశారు. సోమవారం ఇద్దరం వెళ్తున్నాం.