నా ఒంటి సంగతి ఫ్రెండ్‌కి ఎలా చెప్పాలి? సలహా కావాలి

అందరికీ నమస్తే. నాకు మెడ దగ్గర సి5 లెవెల్లో వెన్నుపాము దెబ్బతిని 6 ఏళ్లయింది. భుజాలు కదులుతాయి, మోచేతులు మడవగలను, వేళ్లూ కాళ్లూ పనిచేయవు. పాత ఫ్రెండ్స్ ఒక్కొక్కరే రావడం మానేశారు. ఇప్పుడు నాకు దగ్గరి మనిషెవరంటే నెట్ కనెక్షన్ బాగుచెయ్యడానికి వచ్చిన 20 ఏళ్ల కుర్రాడు, నాకేమో 47. ఆరోజు నా స్క్రీన్ మీద చెస్ చూసి "సార్, మీ గుర్రం పోతుంది చూడండి" అన్నాడు, ఇక అప్పట్నుంచి వారానికి రెండుసార్లు వస్తాడు, నేను ఎత్తు చెప్తే పావు వాడే జరుపుతాడు, ఒక్కసారి కూడా జాలిగా చూడలేదు.

ఇప్పుడు ఒక పూటంతా నన్ను బయటికి తీసుకెళ్తానంటున్నాడు, మేమిద్దరమే. నాకు ప్రాణం లేచొచ్చింది గానీ భయం కూడా ఉంది. వెన్నుపాముకి టి6 లెవెల్లో (అంటే ఛాతీ మధ్య దగ్గర) గానీ, నాలాగా దానికి పైన గానీ దెబ్బ తగిలినవాళ్లకి, మూత్రం బయటికి పోవడానికి పెట్టిన కాథెటర్ ట్యూబ్ మడతపడి మూత్రం ఆగినా చాలు, బీపీ ఒక్కసారిగా పెరిగి తల పగిలిపోతున్నట్టు నొప్పొస్తుంది, వెంటనే నిటారుగా కూర్చోబెట్టి బిగుతు బట్టలు వదులుచేసి ట్యూబ్ చూడాలి, తగ్గకపోతే హాస్పిటలే. ఇవన్నీ వాడికి తెలియాలి కదా. కానీ యూరిన్ బ్యాగ్ చూపించిన రోజు నుంచి వాడు ఫ్రెండ్‌లా కాకుండా కేర్‌టేకర్‌లా అయిపోతాడేమోనని నా దిగులు.

మీలో ఎవరైనా ఇలా ఫ్రెండ్‌కి నేర్పించారా? ముందు ఏం చెప్పారు, ఎంత చెప్పారు? అటువైపు ఫ్రెండ్‌గా ఉన్నవాళ్లు కూడా చెప్పండి, మీకు విన్నప్పుడు ఎలా అనిపించింది?