కార్డు గీకి క్యాష్‌బ్యాక్‌తో డబ్బు మిగుల్చుకోవచ్చా?

కూకట్‌పల్లి కుర్రాడు:
నాకు నాలుగు క్రెడిట్ కార్డులున్నాయి. ఆఫీసులో ఎవరు ఫోన్ కొన్నా, ఏసీ కొన్నా నా కార్డు మీదే ఆర్డరు పెట్టి, వాళ్ల దగ్గర యూపీఐలో డబ్బు తీసుకుంటా. మొదట్లో ఇంటి అద్దె కూడా కార్డు మీదే కట్టేవాణ్ని. ఖర్చులో కొంత శాతం బ్యాంకు వెనక్కిచ్చే క్యాష్‌బ్యాక్‌గా ఆరు నెలల్లో 14 వేలు వచ్చాయి. ఇది ఊరికే వచ్చిన డబ్బే కదా? మా ఆవిడ మాత్రం ఒప్పుకోవట్లేదు.

లెక్కల మాస్టారు:
అద్దెలో మీకేం మిగిలిందో చెప్పండి చూద్దాం. 25 వేల అద్దెకు యాప్ తీసుకునే 1 శాతం ఫీజంటే 250, దాని మీద 18 శాతం జీఎస్టీ 45. మొత్తం 295. కార్డు ఇచ్చే క్యాష్‌బ్యాక్ 1 శాతమైతే 250. అంటే నెలకు 45 ఎదురు కట్టారు. అసలు చాలా కార్డులు అద్దెకి, వాలెట్‌కి, పెట్రోలుకి క్యాష్‌బ్యాకే ఇవ్వవు.

కూకట్‌పల్లి కుర్రాడు:
అద్దె మానేశాను సార్. 2025 సెప్టెంబరులో రిజర్వ్ బ్యాంకు కొత్త నిబంధనలు తెచ్చాక చాలా యాప్‌లు ఆ ఆప్షనే తీసేశాయి. నేను అడిగేది ఫోన్ల సంగతి. వాటి మీద వచ్చే 5 శాతం క్యాష్‌బ్యాక్ ఎక్కడికి పోతుంది?

గుంటూరు కిరాణా:
ఎక్కడికి పోతుందో కాదు తమ్ముడూ, ఎక్కడి నుంచి వస్తుందో అడుగు. నా కొట్లో కార్డు గీకితే దాదాపు 2 శాతం నాకు కోత. చిన్న వ్యాపారిని, ధర పెంచలేను. మీ క్యాష్‌బ్యాక్‌లో కొంత నా గల్లాపెట్టెలోదే.

నెల్లూరు సుబ్బు:
అదొక్కటే కాదు అన్నా. బిల్లు పూర్తిగా కట్టనివాళ్ల మీద బ్యాంకు నెలకు దాదాపు 3.5 శాతం వడ్డీ పిండుతుంది. నా కథ వినండి. మా బావమరిది నా కార్డు మీద 40 వేల ఫ్రిజ్ కొన్నాడు. నాకు 2 వేలు క్యాష్‌బ్యాక్ వచ్చిందని తెగ సంబరపడ్డా. డబ్బు ఇదిగో ఇస్తా, అదిగో ఇస్తా అన్నాడు. గడువు దాటింది. వడ్డీ 1400, దాని మీద జీఎస్టీ 252, లేటు ఫీజు వేరే. కొత్తగా కొన్నవాటికి కూడా కొన్న రోజు నుంచే వడ్డీ. బావమరిదిని గట్టిగా అడగలేం కదా!

లెక్కల మాస్టారు:
ఇంకోటి. ఏడాదిలో కార్డు బిల్లులకి 10 లక్షలు, ఆ పైన కడితే బ్యాంకు ఆ వివరాలు ఆదాయ పన్ను శాఖకి పంపుతుంది. జీతానికీ ఖర్చుకీ పొంతన లేకపోతే అడుగుతారు. ఆఫీసువాళ్ల యూపీఐ జమలన్నీ అప్పుడు మీరు ఒక్కొక్కటీ చూపించుకోవాలి.

విశాఖ అక్క:
అందరూ కలిసి అబ్బాయిని మరీ భయపెట్టేస్తున్నారు. నేను ఆరేళ్లుగా ఒకే కార్డు వాడుతున్నా. అమెజాన్‌ పే ఐసీఐసీఐ కార్డుకి ఫీజు లేదు, ప్రైమ్ సభ్యత్వం ఉంటే అమెజాన్‌లో 5 శాతం క్యాష్‌బ్యాక్, లేకపోతే 3. ఎలాగూ కొనే సామానే కొంటా. బిల్లు ఆటోపే. మిగిలింది మిగిలినట్టే. కానీ ఊరందరి ఫోన్లూ నేను కొనను.

కూకట్‌పల్లి కుర్రాడు:
సరే, ఇక నుంచి డబ్బు ముందు ఇచ్చినవాళ్లకే ఆర్డరు పెడతా.

నెల్లూరు సుబ్బు:
మీ బావమరిదికి కూడా అదే మాట చెప్పగలవా?

కూకట్‌పల్లి కుర్రాడు:
ఇప్పుడే ఫోన్ చేశాడన్నా. వాషింగ్ మెషీన్ కావాలట.