పాపం పుట్టుకతో వస్తుందా, చేస్తే వస్తుందా?

పాతపుస్తకం: మొన్న ఒక మీటింగులో బోధకుడు "పుట్టిన ప్రతి బిడ్డా పాపాత్ముడే, యూదుల గ్రంథంలోనే ఉంది" అన్నారు. గ్రంథం యూదులదే కానీ వాళ్లు అలా చదవరండీ. పాపం అన్న మాట ఆదాము పండు తిన్న ఆదికాండం 3లో లేనే లేదు, మొదటిసారి ఆయన కొడుకు కయీను దగ్గర, 4:7లో వస్తుంది. అక్కడ కూడా అది వాకిట్లో పొంచి ఉంది, నువ్వు దాన్ని లొంగదీయగలవు అనే. పొద్దున లేస్తే వాళ్ల ప్రార్థనే "నువ్విచ్చిన ఆత్మ శుద్ధమైనది" అని.

కాజీపేట జంక్షన్: కీర్తన 51:5. "పాపములోనే నా తల్లి నన్ను గర్భమున ధరించెను." దావీదు యూదుడు కాదా?

పాతపుస్తకం: పరాయివాడి భార్య బత్షెబ విషయంలో నాతాను ప్రవక్త నిలదీశాక కుమిలిపోతూ అన్న మాట అది. మా అమ్మ కూడా "నా పుట్టుకే ఇంత" అంటుంది, సిద్ధాంతం అయిపోతుందా? జన్మపాపాన్ని, అంటే పాపం పుట్టుకతోనే వస్తుందన్న బోధని, గట్టిగా నిలబెట్టింది క్రైస్తవ బోధకుడు అగస్టీను, అదీ యేసు తర్వాత మూడు వందల ఏళ్లు దాటాక. యెహెజ్కేలు 18:20 చూడండి, తండ్రి దోషం కొడుకు మొయ్యడు.

కాజీపేట జంక్షన్: 51:5కి జవాబు రాలేదు.

టీకప్పు: బండి 51 దగ్గరే ఆగింది, దిగి టీ తాగండి.

కాజీపేట జంక్షన్: సరే, "రక్తము చిందింపకుండ పాప క్షమాపణ కలుగదు", హెబ్రీ 9:22. దేవాలయం క్రీ.శ. 70లో కూలింది, బలులు ఆగాయి. మరి యూదుల పాపం ఎలా పోతోంది?

పాతపుస్తకం: లేవీయ 5:11లో పేదవాడు పిండి తెస్తే చాలు. యోనా కథలో దేవుడు క్షమించిన నీనెవె ఊరివాళ్లు ఏ రక్తం చిందించారు? తెషువా అంటారు, తప్పు మాని దేవుడి వైపు తిరిగి రావడం.

కాజీపేట జంక్షన్: పిండి సాకు. మీకు యేసంటేనే పడదు.

పాతపుస్తకం: ఆయనతో నాకేం గొడవ లేదు. మా పెదనాన్న కొడుకు నా వాటా అర ఎకరం రాయించేసుకున్నాడు. తర్వాత బాప్తిస్మం తీసుకుని, నా మోసాలన్నీ ప్రభువు కడిగేశాడని సాక్ష్యం చెప్పాడు, నేను మూడో వరసలోనే కూర్చుని ఉన్నా. భోజనాల దగ్గర కొసరి కొసరి వడ్డించాడు కూడా, పొలం ఊసే లేదు. యూదుల పాత ధర్మశాస్త్ర గ్రంథం మిష్నాలో యోమా అనే భాగం, 8:9 ఏమంటుందంటే, యోమ్ కిప్పూర్, అంటే వాళ్ల ప్రాయశ్చిత్త దినం, దేవుడికి చేసిన పాపాలనే తుడుస్తుంది, సాటి మనిషికి చేసింది ఆ మనిషిని శాంతింపజేసేదాకా పోదు.

డాలస్ అక్క: తమ్ముడూ, మత్తయి 5:23-24లో యేసు చెప్పిందీ అదే కదా. సుంకాలు వసూలు చేసే జక్కయ్య కూడా అన్యాయంగా తీసుకున్నదానికి నాలుగంతలు తిరిగి ఇస్తానన్నాడు.

పాతపుస్తకం: తెలుసక్కా. కానీ మనోళ్ల బోధలో అది రక్షణ వచ్చాక కాసే ఫలం. యూదుల దగ్గర అది లేనిదే క్షమాపణే లేదు.

కాజీపేట జంక్షన్: మరి ఆ మనిషే లేకపోతే? మా నాన్నతో పోట్లాడి నాలుగేళ్లు మాట్లాడలేదు, ఫోన్ వచ్చి వెళ్లేసరికి అయిపోయింది. మీ యోమా ప్రకారం నా సంగతేంటి?

పాతపుస్తకం: పదిమందిని వెంటబెట్టుకుని సమాధి దగ్గరికెళ్లి తప్పు ఒప్పుకోవాలని మధ్యయుగపు యూదు పండితుడు మైమోనిడీస్ రాశాడండీ.

కాజీపేట జంక్షన్: పదిమందిలో చెప్పే ధైర్యమే ఉంటే నాన్న ఉండగానే చెప్పేవాణ్ణి. నాకు సిలువే దిక్కు. 51:5కి మాత్రం మీరింకా జవాబు చెప్పలేదు.